ఒకే పలుపుకు రెండు డిస్కులు

మల్లిక ఫోన్ చేసేటప్పటికి ప్రసన్నకుమారి ఉప్పు వేసిన వేడినీళ్ళలో పాదాలు పెట్టుకుని కూర్చుని ఉంది. జమ్మలమడుగులో మిషన్ కాంపౌండు వెనక వరసలో, దాసయ్య పంతులు కట్టించుకున్న రెండు గదుల ఇల్లు అది. పంతులు పోయాక ఇద్దరు కూతుళ్ళకు మిగిలింది. పెద్దది మేరీ, నర్సుగా చేసి రిటైరయింది. చిన్నది ప్రసన్న, కంప్యూటర్లు బాగుచేస్తుంది. ఇద్దరూ పెళ్ళి మాట మరిచిపోయి చాలా కాలమైంది. ఆ ఇంట్లో సాయంత్రాలు ఉప్పునీళ్ళలాగే మెల్లగా చల్లారుతాయి.

"అక్కా, పాల మిషను చచ్చిపోయింది," అంది మల్లిక, పలకరింపు కూడా లేకుండా.

"ఏమంటాంది?"

"ఏమీ అనదు. కట కట కట అంటాది, తెల్లగా ఐతాది, ఆగిపోతాది. మాపటేల పాలన్నీ ఎనక్కి పంపించినా. ఆడోళ్ళు నన్ను తిట్టకుండా పోయిందే ఎక్కువ. పాల డైరీ సూపర్వైజరు ఫోన్ చేసినాడు. రేపు మాపటికి మిషను నడవకపోతే సెంటరు పక్కూరికి మారుస్తాడంట. అక్కా, నువ్వు రాకపోతే నాకింక ఎవురూ లేరు."

ఆ చివరి మాట ప్రసన్నకు రోజుకొకరు చెబుతారు. ఆమె పాదాల కింద నీళ్ళు చల్లబడ్డాయి.

"డిస్కు పోయుంటాది. కొత్తది ఏసి విండోస్ ఎక్కించల్ల. మీ డైరీ వాళ్ళ పెన్‌డ్రైవ్ పారెయ్యలేదు గదా? సరే. రేపు పొద్దన ప్రొద్దుటూరుకు పోయి డిస్కు తీసుకోని అట్నే వస్తా."

వంటింట్లోంచి మేరీ గొంతు వినిపించింది. "యాడికి వచ్చేది? నడుము పట్టుకోని మూలుగుతాండావు పొద్దన్నుంచి. నీ నడుముకెవురు కొత్త డిస్కు ఏస్తారు?"

ప్రసన్న నవ్వింది. నవ్వు కూడా నడుములో కలుక్కుమంది.

*

మల్లిక ఊరు తొండూరు దాటాక, తారురోడ్డు నుంచి లోపలికి, మిట్ట మీద ఉంటుంది. గొర్రెలు, బర్రెలు ఉన్న ఇళ్ళే ఎక్కువ. మల్లిక మొగుడు రమేష్ మందను తోలుకుని మేపు ఉన్న చోటుకు పోతాడు. ఆరునెలలు ఇంటి మొహం చూడడు. ఇంట్లో ఉండేది మల్లిక, ఆమె అత్త గంగులమ్మ.

పాల కేంద్రం రాకముందు ఆ ఊరి ఆడవాళ్ళు క్యాన్లు నెత్తిన పెట్టుకుని తారురోడ్డు దాకా నడిచేవాళ్ళు. అక్కడ వ్యానువాడు చేతికొలత వేసి, తోచిన అంకె రాసేవాడు. రోజూ గొడవే. మల్లిక డైరీ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, తన ఇంటి పక్క గదిలో కేంద్రం తెప్పించింది. పాలు తూచే కాటా, వెన్న చూసే యంత్రం, రెండూ కంప్యూటరుకు తగిలించి ఉంటాయి. ఎవరి పాలు ఎంత, ఎంత చిక్కన అనేది దానంతట అదే డైరీకి పోతుంది. మనిషి చేత్తో రాసినది డైరీ ఒప్పుకోదు. అందువల్ల గొడవలు లేవు. అందువల్లే కంప్యూటరు ఆగితే ఊరి పాలన్నీ ఆగిపోతాయి.

కేంద్రం పోతే ఆడవాళ్ళు మళ్ళీ రోడ్డు దాకా నడవాలి. మల్లిక మళ్ళీ గొర్రెల వెనక నడవాలి.

ప్రసన్న ఆ పిల్లను మరిచిపోలేదు. ఒకప్పుడు జమ్మలమడుగులో ఆమె కంప్యూటర్ క్లాసులు చెప్పేది. గాంధీ బొమ్మ దగ్గర మేడ మీద గది, గోడలకు నీలం సున్నం, వరసగా మానిటర్లు. తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. నేర్చుకోవడానికి మెట్లెక్కడం అందరూ మానేశారు. ఆఖరి బ్యాచీలో మిగిలింది కొద్దిమందే. వాళ్ళలో ఒకతి మల్లిక. ఒంటి మీద గొర్రెబొచ్చు వాసనతో వచ్చి, కీబోర్డు మీద వేళ్ళు పెట్టేముందు పైట చెంగుకు తుడుచుకునేది. క్లాసులు మూతపడ్డాక ఆ కంప్యూటర్లే ఒక్కొక్కటీ చెడిపోతూ ప్రసన్నకు మరమ్మతు నేర్పాయి.

*

ప్రొద్దుటూరులో బంగారం అంగళ్ళ వెనక సందులో షోయబ్ దుకాణం. అతనూ ఒకప్పుడు ఆ నీలం గదిలో కూర్చున్నవాడే.

"రా టీచరక్కా! పొద్దన్నే నీ మొగం చూసినా. ఇయ్యాల బేరం బాగుంటాది."

"నా మొగం చూస్తే కంప్యూటర్లు చెడిపోతాయప్పా. నీకు బేరం గాక ఏమైతాది?"

షోయబ్ గట్టిగా నవ్వి, ఫ్యాను ఆమె వైపు తిప్పి, టీ చెప్పాడు. డిస్కు అట్టపెట్టె ముందు పెట్టాడు. తర్వాత నవ్వు తగ్గించాడు.

"అక్కా, ఇంకెన్నాళ్ళు ఈ బస్సులు? నా అంగట్లో ఒక కుర్చీ ఏస్తా. ఫ్యాను కింద కూచో. చెడిపోయినోళ్ళు వాళ్ళే మోసుకోని వస్తారు. నువ్వు చూసి చెప్పు, చాలు."

"చూస్తాలే."

"ఎప్పుడూ చూస్తాలే అంటావు. ఇంకోటి, పాత డిస్కు పీకి పక్కన పెట్టి ఎక్కించు. రెండూ ఉంటే విండోస్ దాని ఇష్టమొచ్చినట్ట చేస్తాది. నీకు నేను చెప్పేదేంది, నాకు నేర్పించిందే నువ్వు."

"మరి చెప్తాండావు గదా," అంది ప్రసన్న, టీ గ్లాసు ఖాళీ చేసి లేస్తూ. కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. షోయబ్ అది చూడనట్టు అట్టపెట్టెలు సర్దుకున్నాడు.

తొండూరు పోయే బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ప్రసన్న కళ్ళు మూసుకుంది. నిద్ర రాదు. రెప్పల మీద ఎండ పడుతుంది, ఏదో చెట్టు నీడ దాటుతుంది, మళ్ళీ ఎండ పడుతుంది. ఈ మధ్య ఆమెకు దొరికే విశ్రాంతి ఇదొక్కటే, మూసిన కళ్ళ వెనక ఎర్రగా నల్లగా మారే ఈ వెలుగు. జమ్మలమడుగు వచ్చింది. తన వీధి మొగదలలో బస్సు ఆగింది. దిగి నాలుగు అడుగులేస్తే మంచం. బస్సు కదిలింది. మంచం వెనక్కి పోయింది. ముద్దనూరు దగ్గర పొగగొట్టాలు ఆకాశానికి బూడిదరంగు పూస్తున్నాయి. ఆ తర్వాత శనగ కోసేసిన నల్లరేగడి చేలు, నెర్రెలు విచ్చి, దాహం గురించి ఎవరికీ చెప్పుకోకుండా పడుకుని ఉన్నాయి.

తొండూరులో మల్లిక మోపెడ్‌తో నిలబడి ఉంది. రాత్రంతా నిద్రపోలేదని కళ్ళే చెబుతున్నాయి.

*

కేంద్రం గదికీ బర్రెల కొట్టానికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడలో చెయ్యి దూరేంత కిటికీ. అవతల బర్రె నెమరువేస్తే ఇవతల వినిపిస్తుంది. ప్రసన్న నేల మీద చాప పరుచుకుని కూర్చుని కంప్యూటరు డబ్బా పక్క రేకు విప్పింది. లోపల దుమ్ము, తవుడు, ఒక మూల రెండు బల్లి గుడ్లు. ఊదితే దుమ్ము ముఖానికే వచ్చింది.

పాత డిస్కుకు చెవి ఆనించి, మల్లికను కరెంటు వెయ్యమంది. లోపల ఏదో గోరు రేకును గీకుతున్న చప్పుడు. గీకి, ఆగి, తడుముకుని, మళ్ళీ గీకింది. కాసేపటికి ఎలాగో తేరుకుని మామూలుగా తిరిగింది.

"ఇంకా పూర్తిగా పోలేదు. ఊపిరి ఉండాది," అంది ప్రసన్న. "పాలు పోసేవాళ్ళ పేర్లన్నీ దీంట్లోంచి తీసుకోవచ్చు."

అప్పుడే గంగులమ్మ గుమ్మంలో నిలబడింది. చేతిలో గడ్డికట్ట, నుదుటి మీద చెమట, నోట్లో ఆకు.

"ఏందిమ్మే అది?"

"కొత్త డిస్కు పెద్దమ్మా. పాతది ముసిల్దైపోయింది."

"అగ్గిపెట్టె మాదిరి ఉండాది. ఊరి పాలన్నీ దీంట్లో పడతాయా?"

"లెక్కలు పడతాయి పెద్దమ్మా. పాలు క్యాన్లోనే."

ప్రసన్న స్క్రూడ్రైవర్ తీసుకుని పాత డిస్కు మీదికి వంగింది. గంగులమ్మ గడ్డికట్ట దించింది.

"దాన్ని యాల ఇప్పుతాండావు?"

"కొత్తదానికి ఎక్కించేటప్పుడు పాతది ఉండకూడదు."

"ఎవురు చెప్పినారు నీకు? మా కొట్టానికి కొత్త గొడ్డు వస్తే మొదుటి రేయి పాతదాని పక్కనే, ఒకే పలుపుకు కడతాం. అట్ట కట్టకపోతే అది నిలవదు. గుంజ పీక్కోని పుట్టిల్లు ఎతుక్కుంటా పోతాది. మా మామ కాలం నుంచి అంతే. ఈ ఇంటికి వచ్చిన ఏ గొడ్డునూ ఒంటిగా కట్టింది లేదు."

"అత్తా, ఇది బర్రె గాదు," అంది మల్లిక.

"బర్రె గాకపోతే పాలతో దీనికేం పని? నువ్వు ఊరుకోమ్మే. పోయిన తూరి మిషను తెచ్చినప్పుడు నేను టెంకాయ కొడతానంటే నవ్వినావు. సూడు ఇప్పుడేమైందో. ఈ తూరి నా మాట ఇనల్ల. ఒక్క రేయి ఇప్పొద్దు. రేపు నీ ఇష్టం."

వాదించాలంటే తల ఎత్తాలి. తల ఎత్తితే మెడ నొప్పి. షోయబ్ చెప్పిన మాట గుర్తుంది. క్లాసుల్లో తనే ఎన్నోసార్లు చెప్పిన మాట అది. అయినా ఆ ముసలామె కళ్ళలో బెదురు నిజంగానే ఉంది. పైగా పేర్లు తీసుకోవాలంటే పాతది ఎటూ తగిలించాల్సిందే. ఇప్పుడు విప్పని స్క్రూ మళ్ళీ బిగించే పని కూడా ఉండదు. అలసిపోయిన మనిషికి ప్రతి కారణమూ మంచి కారణంగానే కనిపిస్తుంది.

"సరే పెద్దమ్మా. ఒకే పలుపుకు కడతాలే," అంది ప్రసన్న.

గంగులమ్మ తృప్తిగా గడ్డికట్ట ఎత్తుకుని పోయింది.

*

మొదట కొత్త డిస్కు కనిపించనే లేదు. తెర మీద పాతది ఒక్కటే. విప్పి తగిలించింది. మళ్ళీ లేదు. కేబుల్ చివర చూస్తే ఎలుక పంటిగాట్లు. సంచిలోంచి వేరే కేబుల్ తీసి మార్చింది. అప్పుడు రెండూ కనిపించాయి, ఒకదాని కింద ఒకటి. మల్లిక గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

విండోస్ ఎక్కడం మొదలయింది. తెర మీద చిన్న చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. ప్రసన్న గోడకు చేరగిలబడి వాటినే చూసింది. ఎన్నేళ్ళుగా ఎన్ని ఊళ్ళలో ఈ చుక్కల ముందు కూర్చుందో. బ్యాంకు వెనక గదుల్లో, చర్చి ఆఫీసు గదిలో, స్కానింగ్ సెంటర్లలో, పులివెందులలో అరటికాయల మండీలో. చుక్కలు తిరిగినంతసేపు మనిషి చేయగలిగింది ఏమీ ఉండదు. ఆ ఖాళీలోనే ఆమెకు వయసు మీదపడినట్టుంది.

మధ్యలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఒక్క క్షణం తటపటాయించి అందుకుంది. మల్లిక కళ్ళు మూసుకుని ఏదో దేవుణ్ణి పిలిచింది. ప్రసన్న కూడా తన దేవుణ్ణి పిలిచింది, పెదవులు కదపకుండా.

మధ్యాహ్నం గంగులమ్మ సంగటి ముద్ద, శనక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి విండోస్ ఎక్కి, దాని నీలం తెర వచ్చి నిలబడి ఉంది. డైరీ పెన్‌డ్రైవ్ పెట్టారు. పాతదాంట్లోంచి పేర్లు తెచ్చుకున్నారు. మల్లిక ఇంట్లో మిగిలిన చెంబెడు పాలు తెచ్చి కాటా మీద పెట్టింది. అంకె పడింది. వెన్న యంత్రం గొణిగింది. చీటీ బయటికి వచ్చింది.

"వచ్చింది అక్కా!" మల్లిక ఆ చీటీని కళ్ళకద్దుకుంది. "అత్తా, వచ్చింది!"

"నేను చెప్పలా?" అంది గోడ అవతలి నుంచి గంగులమ్మ.

అంతటితో ఊరుకుని ఉంటే సరిపోయేది. పాత డిస్కు మళ్ళీ కట కట మొదలుపెట్టింది. అది గీకినప్పుడల్లా తెర ఊపిరి బిగబట్టినట్టు ఆగుతోంది. ఇక దాంతో పని లేదు, పేర్లు వచ్చేశాయి. ప్రసన్న కంప్యూటరు ఆపి, గుమ్మం వైపు ఒకసారి చూసి, పాతదాన్ని విప్పి చాప మీద పెట్టింది. డబ్బా మూసింది. కరెంటు వేసింది.

నల్ల తెర. పై మూలన ఒక తెల్లగీత, కొట్టుకుంటూ. దాని కింద ఒక ఇంగ్లీషు వాక్యం. ఎక్కడినుంచి లేవాలో తెలియడం లేదని దాని అర్థం.

*

తర్వాతి గంటలు ప్రసన్నకు ఒకే ముద్దగా గుర్తుంటాయి. కేబుల్ మార్చింది. కంప్యూటరు ఏ డిస్కును ముందు చూడాలో ఆ వరస మార్చింది. చిన్న గుండ్రటి బ్యాటరీ పీకి, చీర కొంగుకు తుడిచి, మళ్ళీ పెట్టింది. ప్రతిసారీ అదే నల్ల తెర, అదే గీత. మంచి డిస్కు, కొత్త విండోస్, ఇందాకే నడిచింది. ఇప్పుడు తన పేరే తనకు తెలియనట్టు నిలబడింది.

షోయబ్‌కు ఫోన్ చేసింది. అటునుంచి, "మొదుటి నుంచి మళ్ళీ ఎక్కించు అక్కా, ఇంకేం చేస్తావు," అన్నాడు. మొదటి నుంచి అంటే సాయంత్రం దాటిపోతుంది. పాతది విప్పకుండా ఎక్కించానని మాత్రం అతనికి చెప్పలేదు. సిగ్గేసింది.

మల్లిక ఫోన్ మోగింది. సూపర్వైజరు. మల్లిక లౌడ్ స్పీకరు పెట్టింది.

"నడుస్తాందా లేదా?"

"నడుస్తాది సార్. చేస్తాండారు."

"చేస్తాండారంటే కాదమ్మా. వ్యాను బయలుదేరింది. నన్ను కూడా పైనుంచి తింటాండారు. చీటీ రాకపోతే వ్యాను మీ ఊళ్ళో ఆగదు. రేప్పొద్దన్నుంచి అసలే ఆగదు."

ఫోన్ ఆగింది. గోడ అవతల ఎవరో బర్రె పొదుగు కడుగుతున్న నీళ్ళ చప్పుడు. ఊళ్ళో పాలు పిండడం మొదలయింది. ఎండ పసుపు రంగుకు తిరిగింది. మల్లిక తుడిచిన కాటానే మళ్ళీ తుడుస్తోంది. ఆ తుడవడం ప్రసన్న వీపు మీద బరువుగా కూర్చుంది.

చేతులకు ఏదో ఒక పని కావాలి గనక, ఇంకేమీ తోచక, ఆమె చాప మీది పాత డిస్కు తీసి మళ్ళీ తగిలించింది. అది గీకింది. తడుముకుంది. మళ్ళీ గీకింది. తర్వాత తిరిగింది. నల్ల తెర పోయి, నీలం తెర వచ్చింది.

ప్రసన్న అట్లాగే కూర్చుండిపోయింది. అర్థమయింది. అర్థం కావడానికి ఇంతసేపు పట్టినందుకు నవ్వొచ్చింది, నవ్వే ఓపిక లేకపోయింది.

"మల్లికా, ఇట్ట రా. కొత్తది ఎక్కేటప్పుడు పాతది పక్కనే ఉండె గదా. ఇల్లంతా కొత్తదాంట్లో కట్టుకునింది. గడప మాత్రం పాతదాంట్లోనే పెట్టుకునింది. పొద్దన లేచే దారి పాతదానికే తెలుసు. నేను దాన్ని ఇప్పేస్తే ఇది యాడినుంచి లేస్తాది?"

"మా అత్త మాట ఇనినందుకా?"

"మీ అత్త ఇప్పొద్దనె. నేనేమో కట్టకూడనప్పుడు కట్టి, ఇప్పకూడనప్పుడు ఇప్పితి."

గుమ్మంలో గంగులమ్మ గొంతు. "ఇప్పినారా? ఒక్క రేయి ఆగలేకపోతిరా?"



గడప కూడా కొత్తదాంట్లోకి మార్చడానికి ఉపాయం ఉంది. తెర మీద తెరుచుకునే నల్ల కిటికీలో నాలుగైదు ఆదేశాలు కొట్టాలి. ప్రసన్న ఎప్పుడో ఒకసారి చేసింది. ఒక్క అంకె తప్పితే పాతదీ కొత్తదీ రెండూ పోతాయి. వీధిలో అప్పటికే స్టీలు క్యాన్ల చప్పుడు వినిపిస్తోంది.

"ముందు పాలు పోయించు," అంది ప్రసన్న. "తర్వాత చూద్దాం. ఆపితే మళ్ళీ లేస్తాదో లేదో నాకు తెలీదు. ఆపకుండా పట్టుకుంటా."

పట్టుకుంటా అన్న మాట మాటవరసకు అన్నది కాదు. పాత డిస్కు చాప మీద ఉంటే గీకుతోంది. చేతిలోకి తీసుకుని కొంచెం ఏటవాలుగా ఉంచితే సద్దుమణుగుతోంది. ప్రసన్న కంప్యూటరు డబ్బా పక్కన మఠం వేసుకుని, కేబుళ్ళు లాగకుండా, దాన్ని రెండు అరచేతుల్లో పట్టుకుని కూర్చుంది.

ఆడవాళ్ళు వచ్చారు. ఒక్కొక్కరే క్యాను కాటా మీద పెడుతున్నారు. నురగ, పచ్చిపాల వాసన, తడి కొంగులు.

"ఏందక్కా అది, కోడిపిల్లనా?" అంది ఒకామె, ప్రసన్న చేతుల్లోకి వంగి చూసి.

"దగ్గరికి రావద్దు తల్లీ. బెదురుతాది."

"పొడుస్తాదా?"

"నువ్వు మాట్లాడకుండా పాలు పోస్తే పొడవదు."

వరసలో నవ్వులు లేచాయి. మల్లిక నవ్వలేదు. ఒక చీటీ, ఇంకో చీటీ. మధ్యలో ప్రసన్న చెయ్యి తిమ్మిరెక్కి ఒక వెంట్రుకవాసి జారింది. డిస్కు గీకింది. తెర మీద అంకెలు నిలిచిపోయాయి. క్యాన్లు దించబోయిన చేతులు ఎక్కడివక్కడే ఆగాయి. కొట్టంలో బర్రె కూడా నెమరు ఆపినట్టనిపించింది. ప్రసన్న మోచేయి మోకాలికి ఆనించి, మెల్లగా మళ్ళీ ఆ వాలుకు తెచ్చింది. లోపలి వణుకు దారికొచ్చింది. అంకె కదిలింది. చీటీ వచ్చింది.

అప్పటినుంచి ఎవరూ జోకులు వేయలేదు. గంగులమ్మ వచ్చి ప్రసన్న వెనక కూర్చుని, తన వీపును ఆమె వీపుకు ఆనించింది. ఆ ఎముకల వీపు మీద ప్రసన్న నడుము కాస్త సేదతీరింది.

వ్యాను హారను వినిపించింది. అప్పటికి ఆఖరి క్యాను కాటా దిగుతోంది.

*

పాలు వెళ్ళిపోయాక గదిలో నేలంతా తడి. వ్యాను డ్రైవరు సూపర్వైజరుకు ఏం చెప్పాడో గానీ అటునుంచి మల్లికకు వచ్చింది ఒకటే మాట: "పొద్దన కూడా ఇట్నే ఉండల్ల." పొద్దునకు పాత డిస్కు లేస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

"కూచో," అంది ప్రసన్న.

"నేనా?"

"నా చేతులు ఖాళీ లేవు. ఆ తెల్ల అక్షరాలు నాకు పొగమంచు మాదిరి ఉండాయి. నేను చెప్తా, నువ్వు కొట్టు. తొందర వద్దు."

మల్లిక కీబోర్డు ముందు కూర్చుంది. వేళ్ళు పైట చెంగుకు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం చూసి ప్రసన్నకు ఒక్క క్షణం నీలం గోడల గది గుర్తొచ్చింది.

"డిస్కులు రెండూ చూపిస్తాంది గదా. సైజు చూడు. చిన్నది ఏది?"

"రెండోది."

"అది మన కొత్తది. పేరు గాదు, సైజు చూసే చెప్పినావు గదా?"

"సైజే చూసినా."

"ఇంకోసారి చూడు."

మల్లిక ఇంకోసారి చూసింది. ఒక్కో ఆదేశం ప్రసన్న చెప్పింది. ఒక్కో అక్షరం మల్లిక పైకి పలుకుతూ కొట్టింది. గోడ అవతల గంగులమ్మ బర్రెలకు గడ్డి వేస్తూ, ఆ అక్షరాలకు అడ్డు రాకుండా, వాటిని గుసగుసగా అదిలిస్తోంది. ఆఖరి ఆదేశం తర్వాత తెర మీద ఒక చిన్న వాక్యం వచ్చింది.

"ఫైళ్ళు బాగా తయారైనాయంటాంది అక్కా."

"ఆపు."

కంప్యూటరు ఆగింది. ప్రసన్న చేతుల్లో పాత డిస్కు వేగం తగ్గి, తగ్గి, నిలిచిపోయింది. ఆమె కేబుళ్ళు పీకింది. ఈసారి గంగులమ్మ కిటికీ కన్నంలోంచి చూస్తోందని తెలుసు. ముసలామె వద్దనలేదు.

"కరెంటు ఎయ్యి."

నల్ల తెర. మల్లిక తల పక్కకు తిప్పుకుంది. ప్రసన్న తిప్పుకోలేదు. తిప్పుకోవాలన్నా మెడ తిరగలేదు. తర్వాత నాలుగు నీలం గడులు వచ్చాయి, వాటి కింద చుక్కలు గుండ్రంగా. ఏ గీకుడూ లేదు. చీమ నడిచినంత చప్పుడు కూడా లేదు. కొత్త డిస్కు ఒంటిగా లేచి నిలబడింది.

మల్లిక ఏడవడం మొదలుపెట్టింది. ప్రసన్న ఆమె తల మీద చెయ్యి వేద్దామనుకుంది. చేతులు పైకి లేవలేదు.

"ఇంకో తూరి ఆగిపోతే?" అని అడిగింది మల్లిక, ముక్కు తుడుచుకుంటూ.

"నాకు ఫోన్ చెయ్యి. చెప్తా. చేసేది మాత్రం నువ్వే."

పాత డిస్కు చాప మీద ఉంది. "దాన్నింక పారెయ్యొచ్చు పెద్దమ్మా," అంది ప్రసన్న.

గంగులమ్మ లోపలికి వచ్చి దాన్ని చేతిలోకి తీసుకుంది. ఇంకా వెచ్చగా ఉంది. "మా ఇంట్లో వట్టిపోయిన గొడ్డును గూడా తోలెయ్యం," అని దాన్ని తీసుకుపోయి కొట్టం గోడ గూట్లో, గడ్డికొడవలి పక్కన పెట్టింది.

మల్లిక మోపెడ్ మీద తొండూరులో దింపింది. జమ్మలమడుగు బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. బయట నల్లరేగడి చేల మీద ఇంకా కొంచెం వెలుగు మిగిలి ఉంది, ఎవరో తుడవడం మరిచిపోయినట్టు. ఫోన్‌లో మేరీ. "యాడుండావు?" అంది. "నీళ్ళు కాచి పెట్టినా. చల్లారకముందే రా."

"వస్తాండా," అంది ప్రసన్న.

షోయబ్ కుర్చీ గుర్తొచ్చింది, దాని మీద తిరిగే ఫ్యానుతో సహా. దాని గురించి రేపు ఆలోచించవచ్చు. ఆమె కళ్ళు మూసుకుంది. అరచేతులు రెండూ విప్పి ఒళ్ళో పెట్టుకుంది. వాటిలో ఏమీ లేదు. అయినా ఆ వణుకు, సన్నగా, ఒక వాలుకు ఒరిగి, ఇంకా తిరుగుతూనే ఉంది. బస్సు కుదుపులకు అది జారిపోకుండా ఆమె వేళ్ళు వాటంతట అవే కొంచెం ముడుచుకున్నాయి.